అరవై రెండు గ్రాముల పిడికిలి

మా పాలరేవు సీయోను మందిరంలో దేవుడికి ఎవరెంత తక్కువ పెడుతున్నారో తేల్చడానికి పోయిన ఏడాది ఒక ఉపసంఘం వేశారు. దేవుడు అడిగాడా అంటే, అడిగినట్టు మినిట్స్ పుస్తకంలో ఎక్కడా లేదు. ఆ పుస్తకం రాసేది నేనే కాబట్టి ఈ మాట ఖాయంగా చెప్పగలను. ముప్పై ఏళ్ళు ప్రాథమిక పాఠశాలలో హాజరు వేసి రిటైరైన జెకర్యా మాస్టారంటే ఊళ్ళో అందరికీ తెలుసు. గుండ్రటి చేతిరాత, ఎదురు చెప్పని స్వభావం, ఈ రెండూ చూసే నాకు ఆ పుస్తకం అప్పజెప్పారు.

ముందు మా పిడికెడు బియ్యం సంగతి చెప్పాలి. మా సంఘంలో ప్రతి ఇంటా పొయ్యి పక్కన ఒక డబ్బా ఉంటుంది. ఎసట్లోకి బియ్యం తీసినప్పుడల్లా, కడగక ముందే, అందులోంచి పిడికెడు తీసి ఆ డబ్బాలో వేస్తారు. అది దేవుడికి మొక్కుకున్న పిడికెడు. శనివారం పొద్దున ఆడవాళ్ళు డబ్బాలు తెచ్చి మందిరం వెనక గదిలో ఉన్న డ్రమ్ములో పోస్తారు. సాయంత్రానికి పాస్టరుగారి భార్య లూదియమ్మగారు, ఆ వారం ఏ ఇంట్లో బియ్యం నిండుకున్నాయో కనుక్కుని, కొంగు చాటున తీసుకెళ్ళి ఇచ్చి వస్తారు. ఎవరికిచ్చిందీ ఆమె చెప్పరు, తీసుకున్నవాళ్ళూ చెప్పరు. మా తాతల కాలం నుంచీ ఇది ఇలాగే నడుస్తోంది. పిడికెడంటే ఎంత అని ఎవరూ అడగలేదు. చెయ్యి ఎవరిది వాళ్ళకుంది కదా అనుకున్నాం.

వచ్చిన చిక్కల్లా పరంజ్యోతిగారు రిటైరై ఊరికి రావడంతో వచ్చింది. ఆయన తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేశారు. చేపల సంతలో ఆయన జీపు కనపడితే తక్కెళ్ళన్నీ గోనెపట్టాల కింద దూరేవట. మనిషి నిప్పు. ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగి ఎరగరు. అటువంటి మనిషి దొరికితే వదులుతామా? వచ్చిన నెలకే సంఘ కార్యదర్శిని చేసేశాం.

ఆ తరువాతి ఆదివారం మా పాస్టరు ఆశీర్వాదం అయ్యగారు మొక్కుబడుల మీద ప్రసంగం చేశారు. హన్నా మొక్కుకుని, కన్న బిడ్డను తెచ్చి మందిరంలో ఒప్పగించిన సంగతి చెప్పారు. దేవుడికి మాటిచ్చి తిరగడం కంటే నోరు మూసుకుని ఉండటం నయం అన్నారు. అందరం ఏడ్చాం. అటువంటి ప్రసంగం విన్నప్పుడు మేం ఏడుస్తాం, తరువాత ఇంటికెళ్ళి భోంచేస్తాం. పరంజ్యోతిగారు మాత్రం ఏడవలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు.

మరుసటి ఆదివారం పెద్దల సమావేశంలో ఆయన లేచి నిలబడ్డారు.

"ఇందుమూలంగా సంఘం దృష్టికి తెచ్చేది ఏమనగా, నిన్న నేను పది ఇళ్ళ డబ్బాలను స్వయంగా తూచాను. వండిన పూటలు సమానం. మొక్కుకున్నది సమానం. బరువులు మాత్రం పది రకాలు. అసలు పిడికెడు అనగా ఎంత?"

పెద్దలం ఏడుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"పిడికెడంటే పిడికెడేనండీ," అన్నారు అయ్యగారు.

"అది నిర్వచనం కాదండీ అయ్యగారూ. ఇదే పని సంతలో జరిగితే నేను కేసు రాసేవాణ్ణి. మనిషికి తక్కువ తూస్తేనే నేరమైనప్పుడు దేవుడికి తక్కువ తూస్తే ఏమనాలి?"

ఆయన మాటలో తప్పు ఎక్కడుందో వెతుక్కునేలోగా ఉపసంఘం వేస్తూ తీర్మానం అయిపోయింది. నేను గుండ్రంగా రాసేశాను.

పిడికిలికి ప్రమాణం కావాలి. లేఖనాలు తిరగేశాం. సారెపతు విధవరాలి తొట్టిలో పట్టెడు పిండి మిగిలిందని ఉంది గానీ ఆమె చెయ్యి ఎంతదో లేదు. అది లేఖనాల్లో లోపమని పరంజ్యోతిగారు అనలేదు. అన్నంత పనీ చేశారు. పెద్దల పిడికిళ్ళు తూస్తే ఏడు లెక్కలు వచ్చాయి. చివరికి ప్రభుత్వ ప్రమాణాలను ముప్పై నాలుగేళ్ళు పట్టుకున్న చెయ్యి ఒకటి మన మధ్యనే ఉంది కదా అని ఎవరో అన్నారు. పరంజ్యోతిగారు రెండుసార్లు వద్దని, మూడోసారి చెయ్యి చాపారు. అరవై రెండు గ్రాములు వచ్చింది.

ఆ కొలతకు ఆయన టౌనులో ఇత్తడి గిన్నె చేయించుకొచ్చారు. చేసినవాడు మామూలుగా ఆవుల మెడగంటలు చేసే మనిషట. అందుకే కాబోలు, అడుగు గుండ్రంగా, అంచు విప్పారి, గోటితో కొడితే కంగుమని మోగింది. దాని మీద 'ప్రమాణ పిడికిలి' అని చెక్కించారు. బలిపీఠం పక్కన గాజు బీరువాలో పెట్టించి తాళం వేశారు. ఆ బీరువా అంతకు ముందు బైబిళ్ళు పెట్టుకునేది. బైబిళ్ళను బల్ల కిందికి మార్చాం.

తరువాతి ఆదివారం ఆరాధన కాగానే చేతుల పరీక్ష పెట్టారు. ఆడవాళ్ళు వరసగా వచ్చి బియ్యం బుట్టలో చెయ్యి పెట్టి పిడికెడు తీయాలి. కార్యదర్శిగారు తూచి, ముంజేతి మీద ఊదారంగు ముద్ర వేస్తారు. అరవై రెండు వస్తే 'పూర్ణ హస్తం'. ఎక్కువైతే 'అధిక హస్తం'. తక్కువైతే 'న్యూన హస్తం'. సంతకెళ్ళే దూడలకు కూడా మా ఊళ్ళో అంత స్పష్టంగా ముద్ర వేయరు.

న్యూన హస్తాలు అరవై ఒకటి తేలాయి. మా ఇంటావిడ అందులో ఒకతె. నలభై గ్రాములు.

"ముప్పై ఏళ్ళు ఈ చేత్తోనే మీకు వడ్డించా. అప్పుడు తక్కువని ఒక్కనాడు అన్నారా?" అని ఇంటికొచ్చాక అడిగింది. ఆ ప్రశ్న మినిట్స్‌లోకి వచ్చేది కాదు కాబట్టి నేను సమాధానం చెప్పలేదు.

అధిక హస్తాల నుంచి వచ్చిన తలనొప్పి వేరు. లంకభూముల్లో పసుపు పంట వేయించే నవరత్నమ్మగారి చెయ్యి ఎనభై గ్రాములు తూగింది. ఆవిడ మరునాడే కాగితం పట్టుకొచ్చారు.

"అయ్యా, నేను కాపరానికొచ్చి ఇరవై రెండేళ్ళయింది. పూటకి పద్దెనిమిది గ్రాములు ఎక్కువేశా. అంటే దేవుడే నాకు..."

"ఆ వాక్యం పూర్తి చెయ్యకండి," అన్నారు పరంజ్యోతిగారు కంగారుగా. కానీ ఆయన న్యాయం తప్పే మనిషి కాదు. ఆ పూట భోజనం మాని లెక్క వేశారు. నవరత్నమ్మగారు ఆరేళ్ళ నాలుగు నెలల వరకూ పిడికెడు వేయనవసరం లేదని ధ్రువపత్రం రాసిచ్చారు. ఆవిడ దాన్ని పటం కట్టించి, ఖాళీ అయిన డబ్బాలో చింతపండు పోసుకున్నారు.

అక్కణ్ణుంచి సర్క్యులర్లు మొదలయ్యాయి. ఉప్మా చేసుకున్న పూట మొక్కు వర్తిస్తుందా? వర్తించదు, కానీ వరసగా మూడు పూటలు ఉప్మా చేసుకుంటే సంజాయిషీ ఇవ్వాలి. పెళ్ళి భోజనానికి వెళ్ళిన పూట? వర్తించదు, కానీ శుభలేఖ జతపరచాలి. ఉపవాసం ఉన్న పూట? దీని మీద రెండు సమావేశాలు జరిగాయి. ఉపవాసం వల్ల దేవుడికి రావలసిన పిడికెడు తగ్గిపోతోంది కనుక ఉపవాసాలకు ముందస్తు అనుమతి తీసుకోవాలని తేలింది.

బియ్యంతో ఆగితే అది పరంజ్యోతిగారి క్రమశిక్షణే కాదు. మొక్కులన్నిటికీ ఒక నమూనా పత్రం అచ్చు వేయించారు. మొక్కుకున్న తేదీ, సందర్భం, మొక్కిన వస్తువు, చెల్లింపు గడువు రాయాలి. మా ఊరి పడవవాడు యోనా, నడి ఏట్లో పడవ మునగబోతే కేకలు పెట్టి మొక్కుకున్నవాడు, ఆ పత్రంలో 'ఏదో ఒకటి ఇస్తానన్నాను' అని రాశాడు. తిరస్కరించారు.

"వస్తువు నిర్దిష్టంగా ఉండాలి యోనా. ఏదో ఒకటి అంటే ఏమిటి?"

"ఏమోనండయ్యా. నోట్లోకి నీళ్ళు పోతంటే అంతకన్నా రాలేదు."

"ఇక మీదట మొక్కుకునే ముందు ఆఫీసులో దరఖాస్తు పెట్టుకుని, అనుమతి వచ్చాక మొక్కుకో."

"అట్టాగేనండి. మునిగేటప్పుడు కాస్త ఆగమని ఏటికి జెబుతా," అన్నాడు యోనా. నర్సు పరీక్ష పాసైతే గొర్రెపిల్లను ఇస్తానని మొక్కుకున్న అమ్మాయి రెండోసారికి పాసైంది. ఆమె ఇవ్వవలసింది పూర్తి గొర్రెపిల్లా, అందులో సగమా అన్నది ఇంకా పరిశీలనలోనే ఉంది. గొర్రెపిల్ల ఈలోగా పొట్టేలయింది.

నిబంధనలన్నీ పదకొండు. ఇక్కడ రెండే చెబుతాను. నాలుగోది: మొక్కు సరిగా ఉన్నట్టు ధ్రువపత్రం లేనివాళ్ళు కోత పండుగ నాడు ప్రభు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, రాకూడదు. ఏడోది: ఆ ధ్రువపత్రం మీద, తన మొక్కులో ఏ లోపమూ లేని వ్యక్తి మాత్రమే సంతకం చేయాలి. ఏడో నిబంధన చదివినప్పుడు అందరం తల ఊపాం. చాలా న్యాయంగా అనిపించింది.

ఇక డ్రమ్ము సంగతి. అందులో పూర్ణ హస్తాల బియ్యం, న్యూన హస్తాల బియ్యం కలిసిపోయి ఉన్నాయి. ఏ గింజ ఎవరిదో తేలేదాకా ఎవరూ ముట్టరాదని పరంజ్యోతిగారు డ్రమ్ముకు గుడ్డ చుట్టి లక్క సీలు వేశారు. లూదియమ్మగారు శనివారం చేట పట్టుకొచ్చి సీలు చూసి నిలబడిపోయారు.

"సెక్రటరీగారూ, రెండిళ్ళలో పొయ్యి రాజలేదు."

"విచారణలో ఉన్న సరుకమ్మా. ముట్టకూడదు."

"పురుగు పడుతుందండీ."

"పడితే అది కూడా నివేదికలో చూపిస్తాం."

ఆమె ఇంటికెళ్ళి, వాళ్ళ సొంత గోతాంలోంచి రెండిళ్ళకూ తీసుకెళ్ళి ఇచ్చారు. ఆ తరువాతి శనివారం కూడా అంతే. మూడో శనివారానికి పాస్టరుగారింట్లోనే బియ్యం నిండుకున్నాయి.

ఇప్పుడు దోర్కమ్మ దగ్గరికి రావాలి. నిజానికి ఈ కథ ఆమెదే. ఇంతసేపు ఆలస్యం చేశానంటే నాకు సిగ్గుగా ఉండబట్టే.

దోర్కమ్మకు అరవై ఏళ్ళుంటాయి. ఒంటి మనిషి. నాట్లకూ, మినుము కోతకూ కూలికి వెళుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట చొప్ప కోసే మిషన్లో ఆమె కుడి చెయ్యి పడింది. చీము పట్టింది. మణికట్టు దాకా తీసేయాలన్నారు డాక్టర్లు. "అన్నం వండుకునేంత చెయ్యి మిగల్చు ప్రభువా. ఆ చేత్తో ముందు నీకు పిడికెడు తీశాకే నేను తింటా," అని ఆసుపత్రి మంచం మీద మొక్కుకుంది. రెండు వేళ్ళు పోయాయి. బొటనవేలూ, ఇంకో రెండు వేళ్ళూ మిగిలాయి. అప్పట్నుంచి ఆమె ఏ శనివారమూ డబ్బా తేకుండా లేదు, ఏ బల్ల ఆరాధనా తప్పలేదు. బల్ల దగ్గర రొట్టె ముక్కను ఆ మూడు వేళ్ళతో పట్టుకుంటే చూస్తున్న మాకే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలనిపించేది.

చేతుల పరీక్ష నాడు ఆ చెయ్యి ముప్పై ఒక్క గ్రాములు తూగింది.

"సరిగ్గా సగం," అన్నారు పరంజ్యోతిగారు. ఆయన గొంతులో కోపం లేదు. తక్కువ తూగే తూకపు రాయిని చూసినప్పుడు ఆయనకు ఎప్పుడూ కోపం రాలేదు, దిగులే వచ్చేది. "అతి న్యూన హస్తం. ఇరవై ఎనిమిదేళ్ళ లోటు. మాస్టారూ, రాసుకోండి."

రాసుకున్నాను. ఆరు క్వింటాళ్ళ పైచిలుకు తేలింది. లోటు ఉన్నవాళ్ళ పేర్లు వేదిక మీద నుంచి చదవాలని నిబంధన. తరువాత ఒక ఆదివారం ఆరాధనలో చదివింది కూడా నేనే. ఆమె పేరు కూడా స్పష్టంగానే చదివాను. ముప్పై ఏళ్ళు హాజరు పిలిచిన గొంతు, ఎక్కడికి పోతుంది!

ఆరాధన అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"మాస్టారుగారా, కోత పండక్కి నన్ను బల్లకి రానీరా?"

"లోటు తీర్చాలంటున్నారమ్మా."

"కొంచెం కొంచెంగా తీరిస్తే?"

"అడుగుతాను," అన్నాను. అడిగాను కూడా. వాయిదాల్లో తీర్చవచ్చుననీ, అయితే తీరుస్తున్నట్టు ఇంటికెళ్ళి తనిఖీ చేయాలనీ పరంజ్యోతిగారు అన్నారు. కోత పండుగ ఇంకా పది రోజులుంది.

పండుగకు రెండు రోజుల ముందు పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. ఆయన చంకలో ఇత్తడి గిన్నె, నా చంకలో పుస్తకం. దోర్కమ్మ గుడిసె ముందు పొయ్యి రాజేసి ఎసరు పెడుతోంది. మమ్మల్ని చూసి హడావిడిగా పీటలు వేసింది.

"మీరు మీ పని కానివ్వండమ్మా. మేం వచ్చామని మార్పు చెయ్యకూడదు," అన్నారు పరంజ్యోతిగారు.

ఆమె చేటలోకి బియ్యం తీసుకుంది. ఆ చేటలో ఉన్నదే ఎంతో లేదు. కళ్ళు మూసుకుని ఏదో అనుకుని, మూడు వేళ్ళ చేత్తో పిడికెడు తీసి డబ్బాలో వేసింది. పరంజ్యోతిగారు ముప్పై ఒకటి అని నెమ్మదిగా అన్నారు. నేను రాశాను.

ఆమె మళ్ళీ చెయ్యి పెట్టి ఇంకో పిడికెడు తీసి డబ్బాలో వేసింది.

"ఇది వాయిదా," అన్నారు ఆయన.

"కాదయ్యా. ఇది ఎప్పుడూ వేసేదే," అంది దోర్కమ్మ. మూడోసారి చెయ్యి పెట్టి తీసి డబ్బాలో వేసింది. "మీరు జెప్పిన వాయిదా ఇది."

పరంజ్యోతిగారు అటూ ఇటూ చూశారు. "మరి ఆ రెండోది ఏమిటి?"

"మొదటిది ఉన్న వేళ్ళదయ్యా. రెండోది పోయిన వేళ్ళది. పిడికెడని మొక్కుకున్నాగా మరి. నా పిడికిలి నిండుది కాదని నాకు దెలవదా?"

ఎసరు కాగుతున్న చప్పుడు వినపడుతోంది.

"ఇరవై ఎనిమిదేళ్ళ నుంచీ రెండేసి వేస్తున్నారా?"

"వేస్తన్నా."

"మరి పరీక్ష నాడు చెప్పలేదేం?"

"మీరు చెయ్యి పెట్టమన్నారు, పెట్టా. ఎన్నిసార్లు ఏస్తావని అడగలేదుగా. దేవుడికి పెట్టింది నలుగుర్లో నేనెట్టా జెప్పుకుంటానయ్యా?"

పరంజ్యోతిగారు ఇత్తడి గిన్నె తీశారు. ఆమెను మళ్ళీ రెండు పిడికిళ్ళు తీసి అందులో పోయమన్నారు. పోసింది. ఆయన అంచు వెంట వేలితో చదును చేశారు. ఒక్క గింజ కింద పడలేదు, ఒక్క గింజకు చోటు మిగలలేదు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో అంత సరిగ్గా సరిపోయిన తూకం తాను చూడలేదని తరువాత ఎప్పుడో నాతో అన్నారు. అప్పుడు మాత్రం గిన్నెను చేటలోకి వంచి, చేటలో మిగిలిన బియ్యం వంక చూశారు. నేనూ చూశాను. డబ్బాలోకి మూడు పిడికిళ్ళు పోతే, ఆమెకు మిగిలింది ఇంకో మూడుంటాయి. ఆ పూటకంతా అవే.

"మూడోది ఆపెయ్యండమ్మా," అన్నారు ఆయన.

"ఆపితే బల్లకి రానిస్తారా?"

ఆయన లేచి నిలబడి, "మాస్టారూ, దోర్కమ్మగారు, పూర్ణ హస్తం. లోటు లేదు. రాయండి," అన్నారు. గారు అనడం అదే మొదటిసారి. రాశాను. ఆ ఒక్క వాక్యం రాసినప్పుడు నా చేతిరాత గుండ్రంగా రాలేదు.

ఆయన తిన్నగా మందిరం వెనక గదికి వెళ్ళి, డ్రమ్ము మీద లక్క సీలును బూటు కాలితో తన్ని పగలగొట్టారు. తరువాత తూకం వేయకుండానే లూదియమ్మగారికి కబురు పెట్టారు. మా సంఘంలో ఆయన తూచకుండా చేసిన మొదటి పని అది.

ఇంతటితో అయిపోయిందనుకుంటే కాదు. నిబంధనలు నిబంధనలే. కోత పండుగ నాడు పొద్దున గుమ్మడికాయలు, కోడిపెట్టలు, అరటి గెలలు, కొత్త వడ్ల మూటలతో మందిరం నిండిపోయింది. బల్ల సిద్ధమైంది. ధ్రువపత్రాలు నూట నలభై మూడు కట్ట కట్టి ఉన్నాయి. సంతకాలే లేవు. ఏడో నిబంధన ప్రకారం ఏ లోపమూ లేనివాళ్ళు చేయాలి.

"అయ్యగారూ, మీరు చెయ్యండి," అన్నారు పరంజ్యోతిగారు.

ఆశీర్వాదం అయ్యగారు కలం తీసుకుని, మళ్ళీ కింద పెట్టారు. "నలభై రోజులు ఉపవాసం ఉంటానని మొక్కుకున్నానండీ, నాలుగేళ్ళ కిందట. ఇరవై మూడో రోజు మా మేనల్లుడి పెళ్ళి వచ్చింది."

కలం పెద్దల చేతులు మారింది. ఒకాయన మందిరానికి ప్రహరీ కట్టిస్తానన్నాడట, పునాది తవ్వి వదిలేశాడు. ఇంకొకాయన తమ్ముడితో మాట్లాడతానని మొక్కుకున్నాడు, తమ్ముడు కూడా ఆ పక్కనే కూర్చుని ఉన్నాడు. నా వంతు వచ్చింది. పొడుం మానేస్తానని నేను మొక్కుకున్నది మూడుసార్లు. ఆ సమయానికి డబ్బీ నా జేబులోనే ఉంది.

కలం తిరిగి తిరిగి పరంజ్యోతిగారి దగ్గరికే వచ్చింది. ఆయన చాలాసేపు దాని వంక చూశారు. అబద్ధం ఆడితే సరిపోయేది. కానీ ఆ మనిషికి అది చేతకాదు.

"పదకొండేళ్ళ కిందట నాకు గుండె ఆపరేషన్ అయింది," అన్నారు. "బతికి బయటపడితే మన మందిరానికి గంట చేయిస్తానని మొక్కుకున్నాను. ఎంత సైజుది చేయించాలో తేల్చుకోలేక..."

అక్కడ ఆగిపోయారు. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అర్హత ఉన్నవాడెవడూ అక్కడ లేడు.

జనం బయట ఎదురుచూస్తున్నారు. నేను పుస్తకం తిరగేశాను. సంఘం మొత్తంలో లోపం లేదని రాసి ఉన్న పేరు ఒక్కటే. ఆ వాక్యం వంకరటింకరగా ఉంది గానీ చదవడానికి వీలుగానే ఉంది.

దోర్కమ్మను వెనక వరస నుంచి పిలిచారు. ధ్రువపత్రంలో రెండు గళ్ళున్నాయి. ఒకటి 'మొక్కు చెల్లించినారు'. రెండోది 'చెల్లించగలరని నమ్ముచున్నాను'. రెండోది పరంజ్యోతిగారు అచ్చులో ఖాళీ పూరించడానికి వేయించింది. ఆమెకు చదువు రాదు కాబట్టి రెండూ చదివి వినిపించాను.

"ఏలిముద్దర ఏస్తే అందరూ బల్లకి రావచ్చా అయ్యా?"

"రావచ్చమ్మా."

"రెండో గడిలో ఏస్తా. చెల్లిస్తార్లే, పాపం, ఎక్కడికి పోతారు."

ఊదారంగు సిరాలో బొటనవేలు అద్ది ఒక్కొక్క కాగితం మీదా వేస్తూ పోయింది. నవరత్నమ్మగారికి, యోనాకు, మా ఇంటావిడకు, అయ్యగారికి, నాకు. ఎవరి కాగితంలో ఏముందో అడగలేదు. మిగిలిన రెండు వేళ్ళతో కాగితాన్ని కదలకుండా నొక్కిపట్టి వేసింది. నూట నలభై రెండు అయ్యాయి. చివరిది పరంజ్యోతిగారిది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"నాది ఉండనివ్వండమ్మా. పదకొండేళ్ళ బాకీ. గంట."

దోర్కమ్మ ఆయన వంక చూసి నవ్వింది. "గంట లేకపోయినా మేం టయానికి వత్తానే ఉన్నాంగదయ్యా," అని ఆయన చెయ్యి పక్కకు జరిపి వేలిముద్ర వేసింది.

ఆ రోజు బల్ల దగ్గరికి అందరమూ వెళ్ళాం. ముందు ఆమె వెళ్ళింది. అది ఏ నిబంధనలోనూ లేదు, ఎవరికి వారే పక్కకు తప్పుకున్నారు. పరంజ్యోతిగారు ఆఖర్న వచ్చి మోకరించారు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

మరుసటి ఆదివారం మందిరానికి వెళ్ళేసరికి గాజు బీరువా ఖాళీగా ఉంది. బల్ల కింద ఉన్న బైబిళ్ళు తిరిగి అందులోకి చేరుతున్నాయి. గుమ్మం పక్కన పరంజ్యోతిగారు పీట ఎక్కి ఏదో కడుతున్నారు. ఇత్తడి గిన్నెను బోర్లించి, అడుగున బెజ్జం వేసి, లోపల పాత తూకపు రాయి ఒకటి దారంతో వేలాడదీశారు. తొమ్మిది కాగానే తాడు లాగారు. పెద్ద శబ్దమేమీ రాలేదు. ఆవు మెడలో గంట మోగినట్టు మోగింది. అయినా వీధి చివర ఉన్న దోర్కమ్మ వినపడ్డట్టుంది, నడక వేగం పెంచింది.

ఆ వారం మినిట్స్‌లో నేను ఒక్క వాక్యమే రాశాను. గుండ్రంగానే వచ్చింది. "కార్యదర్శిగారు మొక్కుకున్న గంట సంఘానికి అందినది. సైజు కొలవలేదు."